చైత్రపు వెన్నెల, చేదబావి నీరు

(ఆలయ జీర్ణోద్ధరణ, మహాసంప్రోక్షణ మహోత్సవాలలో రెండవనాటి సాయంసభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు నిర్దేశించిన అంశం ‘మన సీమలో వసంతం, వసంతోత్సవాలు’. ఆగమ విషయాలను ఉదయం ఆచార్యులవారు సవిస్తరంగా వివరించినారు. ఆలయ నిర్మాణ విశేషాలను స్థపతిగారు రేపు చెప్పనున్నారు. ఈ రెంటికీ నడుమ వేడుకగా రెండు మాటలు చెప్పమని నన్ను నిలబెట్టినారు. వేడుకగానే మొదలుపెడతాను. చివరకు వేడుకగానే ముగుస్తుందని మాత్రం మాట ఇవ్వలేను. ఎందుకో మీకే తెలుస్తుంది.

వసంతం అనగానే మనకు కావ్యాలలోని వసంతం గుర్తుకు వస్తుంది. మలయ మారుతం, పూలపుప్పొడి, నిండు సరోవరాలు, వాటిలో హంసలు. ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు ఆ వర్ణనలు చెప్పినవాడిని నేను. చెబుతూ చెబుతూ కిటికీలో నుండి బయటకు చూస్తే కనిపించేది వేరు. మన కడప సీమలో వసంతం వచ్చేసరికి చెరువు నడుమ నేల నెఱ్ఱెలు విచ్చి ఉంటుంది. పెన్న ఇసుక తప్ప మరేమీ కాదు. చెయ్యేరూ అంతే. అయినా వసంతం వస్తుంది. నీళ్ళు లేని చోట వసంతం ఎట్లా వస్తుందో చూడాలంటే మన ఊళ్ళకే రావాలి.

ముందుగా వచ్చేది మోదుగ. మాఘం చివరనే కొండ అంచుల్లో ఒక్క ఆకైనా లేని కొమ్మలకు నిప్పు అంటుకున్నట్లు పూస్తుంది. ఫాల్గుణం ముగిసేలోగా కానుగ ఆకు రాల్చి, రాల్చిన పక్షం దినాలకే తళతళలాడే లేతాకు వేసుకుంటుంది. ఇన్ని చెట్లలో ఎండాకాలపు ఉపకారం తెలిసిన చెట్టు కానుగ అని నా అభిప్రాయం. సరిగ్గా నీడ కావలసిన నాటికే నీడ సిద్ధం చేస్తుంది. వైశాఖంలో దాని క్రింద లేత ఊదా కలిసిన తెల్లని పువ్వు చాప పరచినట్లు రాలుతుంది. పోయిన వారం మన దేవాలయపు దక్షిణపు గోడ దగ్గర పసిపిల్లలు ఆ పూలను దోసిళ్ళతో ఎత్తి ఒకరిపై ఒకరు చల్లుకుంటుంటే, ఇంతకంటే మంచి వసంతోత్సవం ఏ రాజు చేయించినాడు అనిపించింది.

ఇక వేప. దాని పూత చేదు అయినా వాసన తీపి. తెల్లవారుజామున వాకిట నీళ్ళు చల్లే వేళకు ఆ వాసన ఊరంతా ఆవరించి ఉంటుంది. అటు పాలకొండల మీద, శేషాచలం మీద రక్తచందనం శిశిరంలో బోసిగా నిలిచి, చైత్రంలో చిగిర్చి, ఎండలు ముదిరే నాటికి పసుపుపచ్చని చిన్న పూలు పూస్తుంది. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు ఈ తూర్పు కనుమల కొండలలో మనకు పొరుగున పెరుగుతున్నది. మనలో ఎంతమందిమి దాని పువ్వును చూసినాము? దాని దుంగను వార్తలలో చూస్తాము, అంతే.

ఊరిలో కూడా ఋతువు మారినట్లు వాసనలే ముందు చెబుతాయి. మాఘ ఫాల్గుణాలలో పసుపు ఉడికించే కళాయిల ఆవిరి. ఆ తరువాత కొత్త చింతపండు. మధ్యాహ్నం అన్నాలు తిన్న తరువాత ఆడవారు అరుగుల మీద చేరి, చింతకాయల పెంకు కొట్టి, ఈనెలు తీసి, గింజ వేరు చేస్తుంటారు. ఆ రాయి చప్పుడు వీధి ఈ చివర నుండి ఆ చివరకు తాళం వేసినట్లు వినిపిస్తుంది. ఊరి సమాచారమంతా ఆ అరుగుల మీదనే పరిష్కారమవుతుంది. సంబంధాలు కుదిరేది అక్కడ, తప్పేది కూడా అక్కడే. ఉగాది పచ్చడిలో పడే పులుపు ఈ అరుగుల మీది పులుపే. కొత్త పసుపు, కొత్త చింతపండు, కొత్త బెల్లం, వేపపూత, పిందె మామిడి, ఇన్నీ ఒకేసారి ఇంటికి చేరుతాయి కాబట్టి ఆనాడు సంవత్సరాది అయినదేమో అని నాకు అనిపిస్తుంది. జ్యోతిష్యులు అంగీకరించకపోవచ్చు.

ఉగాది నాడు దేవుని కడపలో జరిగేది మీలో చాలామంది చూసే ఉంటారు. శ్రీలక్ష్మీ వేంకటేశ్వరస్వామి సన్నిధికి ఆ ఉదయం ముస్లిములు కుటుంబాలతో వచ్చి టెంకాయ కొట్టి మొక్కుకొని వెళతారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని, ఆమె మెట్టినింటికి పండుగనాడు చూడవచ్చినామని వారి భావన. ఆడబిడ్డ ఇంటికి పోవడానికి ఎవరైనా కారణం చెప్పవలెనా? ఈ మాట ఎందుకు ముందుగా చెప్పినానో, తరువాత ఇమాంబేగ్ మాట వచ్చినపుడు తెలుస్తుంది.

ఉగాది గడిచిన ఎనిమిది దినాలకు శ్రీరామనవమి. ప్రతి ఊరి రామాలయం ముందు చలువ పందిరి, పానకం బిందెలు, నానిన పెసరబేడలు, విసనకఱ్ఱలు. పానకంలో మిరియం, శొంఠి, ఏలకి ఎందుకు పడుతుందో వైద్యులు చెబుతారు. బెల్లం నీరు ఎండదెబ్బకు ఎంత మంచిదో కూలికి పోయేవారు చెబుతారు. కానీ నవమినాడే కల్యాణం చేసి ముగించుకొనే అలవాటు మిగతా ఊళ్ళది. మనకు మాత్రం నవమి ఆరంభం మాత్రమే. ఆనాడు ఒంటిమిట్టలో ధ్వజారోహణం జరుగుతుంది. పోతన జయంతి అని కవి సమ్మేళనం కూడా పెడతారు. పోతన మన ఒంటిమిట్టవాడా, ఓరుగల్లు వైపువాడా అన్న వాదాన్ని ఈ సభలో విప్పను. విప్పితే రేపటి ముహూర్తం దాటిపోతుంది.

నవమి మొదలు శేషవాహనం, హంసవాహనం, సింహవాహనం, హనుమద్వాహనం, గరుడసేవ వరుసగా సాగి, ఆరవనాడు, అంటే చైత్ర శుద్ధ చతుర్దశి రాత్రి, సీతారామ కల్యాణం. మరునాడు పున్నమికి రథం. దేశమంతటా పట్టపగలు జరిగే పెళ్ళి ఒంటిమిట్టలో వెన్నెలలో జరుగుతుంది. దీనికి పెద్దలు చెప్పే కథ ఇది. పాలకడలి నుండి లక్ష్మీదేవితో పాటు పుట్టినవాడు చంద్రుడు. తోబుట్టువు పెళ్ళి పగటివేళ జరిగితే తాను చూచేదెట్లా అని ఆయన నొచ్చుకున్నాడు. రామావతారంలో ఆ కోరిక తీరుస్తానని స్వామి మాట ఇచ్చినాడు. ఆ మాట ఇక్కడ నెరవేరుతున్నది. విజయనగర ప్రభువులు చంద్రవంశీయులమని చెప్పుకొనేవారు కనుక వారి కాలంలో ఈ ఏర్పాటు జరిగిందని మరికొందరు అంటారు. నాకు మొదటి కథే ఇష్టం. మేనమామ రాని పెళ్ళి మన ఇళ్ళలో ఎవరైనా ఒప్పుకొంటారా? చందమామను మామ అని పిలవడం ఉట్టినే కాదు గదా.

నా చిన్ననాట మా అబ్బ ఎద్దులబండి కట్టేవాడు. బండిలో వరిగడ్డి, దానిపై బొంత, బొంతపై మేము. చతుర్దశి నాటి సాయంత్రం బయలుదేరితే కల్యాణ వేళకు మిట్ట కనిపించేది. దారి పొడుగునా ముందు బండి లాంతరు, వెనుక బండి గంటలు. రైలు మీద వచ్చేవారు ఒంటిమిట్ట స్టేషనులో దిగి గుంపులుగా నడిచి వచ్చేవారు. మా జేజి బండి దిగగానే ముందు గుడికి పోయేది కాదు. చెరువు కట్ట ఎక్కి, నీరు ఎంత ఉన్నదో చూసి, ఆ తరువాతనే గోపురానికి దండం పెట్టేది. చెరువులో చంద్రుడు కనిపిస్తే ఆ ఏడు మంచి ఏడు అని ఆమె లెక్క. కనిపించని ఏడు ఆమె పెళ్ళి చూస్తూ కూడా మాట్లాడేది కాదు. దేవుని పెళ్ళికి వచ్చి చెరువు చూడటమేమిటని అప్పుడు విసుక్కునేవాడిని. ఆ లెక్క నాకు అర్థం కావడానికి అరవై ఏళ్ళు పట్టినది.

ఆ ఆలయ వైభవం గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. సీతారామలక్ష్మణులు ఒకే శిలలో వెలసిన మూర్తులు. ఆంజనేయుడు వారి చెంత గర్భాలయంలో లేడు. ఎదురుగా వెలుపల సంజీవరాయనిగా వేరే గుడిలో ఉన్నాడు. ముప్పైరెండు స్తంభాల రంగమండపం, మూడు గోపురాలు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం అది. 2014లో రాష్ట్ర విభజనతో భద్రాద్రి తెలంగాణలో ఉండిపోగా, 2015 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒంటిమిట్ట కల్యాణాన్ని అధికారిక ఉత్సవంగా జరుపుతున్నది. ఆ ఏడే ఆలయం తిరుమల తిరుపతి దేవస్థానాల నిర్వహణలోకి వచ్చినది. అప్పటి నుండి పెద్ద కల్యాణ వేదిక, పట్టువస్త్రాలు, లక్షల జనం. తూర్పున గోదావరి తీరపు కోరుకొండ ప్రాంతం నుండి భక్తులు వడ్లను గోటితో ఒలిచిన తలంబ్రాలు కూడా వస్తున్నాయి. ఒక్కొక్క గింజనూ గోటితో ఒలవడమంటే ఎంత ఓపిక! బండ్లబాట పోయి బస్సుబాట వచ్చినందుకు నాకు దిగులు లేదు. నడవలేని ముసలివారు ఇప్పుడు చూడగలుగుతున్నారు.

మన వసంతానికి కోపం కూడా ఉన్నదని మరవరాదు. 2018 మార్చి 30న సరిగ్గా కల్యాణపు సాయంత్రం గాలివాన విరుచుకుపడి పందిళ్ళు కూలి కొందరు భక్తులు ప్రాణాలు కోల్పోయినారు. ఆ రాత్రి వెన్నెల కోసం వెళ్ళినవారు చీకటిలో తడిసి తిరిగి వచ్చినారు. తరువాత 2020, 2021 సంవత్సరాలలో కరోనా కారణంగా కల్యాణం ఏకాంతంగా జరిగినది. భక్తులెవరూ లేరు. పెళ్ళి చూడలేకపోయినానని ఒకప్పుడు చంద్రుడు నొచ్చుకున్నాడని గదా కథ. ఆ రెండేళ్ళూ ఆయన ఆకాశంలో హాయిగా ఉన్నాడు. నొచ్చుకున్నవారము మనము. మా ఇంటి మిద్దె మీద నిలబడి ఆయనవైపు చూస్తూ, ‘నువ్వైనా చూసినావా?’ అని అడిగినాను. నవ్వకండి. మీలోనూ అడిగినవారు ఉంటారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒంటిమిట్ట గురించి మన పెద్దలు చెప్పిన కథలను వరుసగా పెట్టి చూడండి. ఒక విశేషం కనిపిస్తుంది.

మొదటి కథ. వనవాస కాలంలో ఈ అడవిలో సీతమ్మకు దాహం వేసినది. రాముడు బాణం వేసి నేల నుండి నీరు తెప్పించినాడు. రామతీర్థం, లక్ష్మణతీర్థం ఆనాటివని నమ్మకం.

రెండవ కథ. కంపరాయలనే రాజు వేటకు వచ్చి దాహంతో సొమ్మసిల్లే స్థితికి వచ్చినాడు. ఒంటడు, మిట్టడు అనే ఇద్దరు ఆయనకు నీటి జాడ చూపినారు. వారు బోయలని కొందరంటారు, దారి దోచే దొంగలని కొందరంటారు. ఏమి కావలెనో కోరుకొమ్మని రాజు అంటే, తమకంటూ ఏమీ అడగక, ఇక్కడి రామునికి గుడి కట్టించమని అడిగినారట. ఊరికి వారి పేరే నిలిచినదని ఒక మాట. ఒంటరిగా ఉన్న మిట్ట కనుక ఒంటిమిట్ట అని ఇంకొక మాట.

మూడవది ఇమాంబేగ్ కథ. కడప నవాబుల కాలంలో ఇక్కడికి వచ్చిన ఆ అధికారి, ‘పిలిస్తే మీ దేవుడు పలుకుతాడా?’ అని అడిగినాడట. ‘భక్తితో పిలిస్తే పలుకుతాడు’ అన్నారట ఇక్కడివారు. ఆయన మూడుమార్లు పిలిచినాడు. లోపలి నుండి ‘ఓ’ అని బదులు వచ్చినది. అప్పుడాయన ఏమి చేసినాడు? బంగారు కిరీటం చేయించినాడా, గోపురం ఎత్తించినాడా? స్వామి అవసరాలకు ఒక బావి త్రవ్వించినాడు. ఇమాంబేగ్ బావి అని నేటికీ ఆయన పేరుతోనే ఉన్నది. ఈ సీమ సంగతి తెలిసిన మనిషి చేసే పని అది. ఇక్కడ దేవునికైనా మనిషికైనా ముందు కావలసినది ఏమిటో ఆయన ఎరుగును.

మూడు కథలలోనూ ముందు దాహం, తరువాత దేవాలయం. మా జేజి ముందు చెరువు కట్ట ఎక్కి, తరువాత గోపురానికి మొక్కడం కూడా ఆ క్రమమే కదా.

ఇంకొక విషయం. ఆ ఆలయాన్ని గత శతాబ్ది తొలినాళ్ళలో ఉద్ధరించిన మహానుభావుడు వావిలికొలను సుబ్బారావుగారు. 1863లో జన్మించి 1936లో పరమపదించినారు. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా పనిచేసి, వాల్మీకి రామాయణాన్ని తెనిగించి, మందర వ్యాఖ్య వ్రాసి, ఆంధ్ర వాల్మీకి అని పేరుపొందిన పెద్దలు. అంతటి పండితుడు పాడుపడిన కోదండరాముని గుడికి ధూపదీప నైవేద్యాలు జరగాలని టెంకాయ చిప్ప చేతబట్టి ఊరూరా భిక్షాటనం చేసినారు. ఆ చిప్ప పేరున ఒక శతకమే వ్రాసినారు. వెండి పళ్ళెం పట్టుకొని వెళితే ఇచ్చేవారు లేకనా? టెంకాయ చిప్ప ఎందుకు? నాకు తోచినది చెబుతాను, తప్పయితే మన్నించండి. టెంకాయ చిప్ప ఒకప్పుడు నీరు నింపుకొన్న పాత్ర. స్వామికి ఆ నీరు సమర్పించిన తరువాత ఖాళీగా మిగిలినది. గుడి పరిస్థితి అప్పుడు అట్లాగే ఉన్నది.

నీరు తల్లి అని పొగడి వదలిపెడితే అది పూర్తి సత్యం కాదు. 2021 నవంబరు 19న, కార్తిక పున్నమి వేళ, చెయ్యేటి మీది అన్నమయ్య జలాశయం మట్టికట్ట తెగి పులపత్తూరు, మందపల్లి వంటి గ్రామాలను ముంచెత్తినది. దీపం పెట్టడానికి శివాలయానికి పోయినవారు దీపంతోనే వెళ్ళిపోయినారు. మన బంధువులు అందులో ఉన్నారు. ఇటు సోమశిల జలాశయం నీటివెనుకలో మునిగిన ఊళ్ళవారు నేడు ఈ సభలో కొందరు కూర్చున్నారు. వారి ఊరి రాముడు నీటి అడుగున ఉన్నాడు. వసంతంలో నీరు తగ్గినపుడు పాత గోడల ఆనవాళ్ళు బయటపడితే వెళ్ళి చూసి వస్తారు. వారికి వసంతమంటే అది. వారి ముందు నీటి మహిమ చెప్పడానికి నాకు నోరు రాదు. అయితే ఆ నీటి అడుగున ఉన్న గుడి కోసం వారు ఏడ్చినారే గాని, నీరు వద్దని ఏనాడూ అనలేదు.

ఇక మన ఊరి మాట. మన దేవాలయానికి ఈశాన్యంలో చేదబావి ఉన్నది. స్వామి అభిషేకానికి, ఊరిలో పెళ్ళిళ్ళకు ఒకప్పుడు ఆ నీరే. గొట్టపు బావులు వచ్చిన తరువాత దానివైపు చూచేవారు లేకపోయినారు. రాతి గట్టు ఒకవైపు కూలినది. గిలక పోయినది. లోపల తుమ్మ మొలిచినది. ఒక లేగదూడ పడి చనిపోయినది. నిరుడు కార్తికంలో సంఘం సమావేశమైనపుడు, బావి ప్రమాదకరంగా ఉన్నది, పూడ్చివేసి బండలు పరిస్తే కల్యాణాలకు వచ్చే వాహనాలు నిలిపేందుకు స్థలమవుతుంది, దేవాలయానికి ఆదాయమూ అవుతుంది అని తీర్మానించినారు. ఆ తీర్మానంలో అన్యాయం ఏమీ లేదు. పసిపిల్లలు తిరిగే చోటు అది. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. ఆ తీర్మానం మీద నా సంతకం కూడా ఉన్నది. అది చెప్పడానికే ఎత్తినాను.

సంతకం పెట్టిన రాత్రి మా జేజి గుర్తుకు వచ్చినది. ముప్పై ఏళ్ళు పిల్లలకు వసంత వర్ణనలు చెప్పినవాడిని, ఇమాంబేగ్ బావి కథను ప్రతి సభలోనూ చెప్పి చప్పట్లు కొట్టించుకొన్నవాడిని, నా చేతితో ఒక బావి పూడ్చమని సంతకం పెట్టినాను. మరునాడు అధ్యక్షులవారి ఇంటికి వెళ్ళి, పూడ్చే ముందు ఒకసారి అడుగు చూద్దామని అడిగినాను. ‘ఎండిపోయిన బావికి అడుగేమిటి అయ్యవారూ’ అని ఆయన నవ్వినారు. కానీ కాదనలేదు. పది దినాలు గడువు ఇచ్చినారు.

ఫాల్గుణ మాసంలో పని మొదలైనది. దళితవాడ నుండి నలుగురు వచ్చి మోకు కట్టి దిగినారు. తుమ్మ కొట్టినారు. తట్టలతో పూడిక పైకి పంపినారు. మట్టితో పాటు ఏమేమి వచ్చినాయో చెబితే ఆశ్చర్యపోతారు. సొట్ట పడిన రాగి చెంబులు, పాత గిలక, ఇత్తడి గంట నాలుక ఒకటి, మేము బడి పిల్లలుగా పారేసుకొన్న గాజు గోలీలు. చెంబుల కోసం ముసలమ్మలు వచ్చి, ఇది మాది, అది మీది అని నలభై ఏళ్ళ నాటి తగవులు తిరగతోడినారు. ఆరవనాడు మధ్యాహ్నం, మేము పైన కానుగ నీడలో కూర్చున్నపుడు, లోపల నుండి కేక వచ్చినది. ‘అయ్యోరూ! ఊట ఉండాది! తూరుపు పక్క రాతిసందులో సన్నంగా కారతా ఉండాది!’

చెయ్యేటి ఇసుకలో చెలమ తీసి, ముంతతో తోడుకొన్న తరం మాది. ఇసుక అడుగున నీరు ఊరడం చూసిన ప్రతిసారీ కలిగే సంతోషం ఒకటి ఉంటుంది. ఆ సంతోషం మళ్ళీ కలిగినది. ఆ సాయంత్రానికి చీలమండ మునిగినది. ఉగాది నాటికి మోకాలు. నవమి నాటికి నడుము. ఈ ఎండలలో కూడా అది తగ్గలేదు. ఎండిపోయినదని మనమందరం అనుకొన్న బావి ఎండలేదు. మనం వేసిన చెత్త క్రింద ఊట మూసుకుపోయినది, అంతే. సంఘం తీర్మానాన్ని రద్దు చేసినది. రాతి గట్టు తిరిగి కట్టినారు. పిల్లలు పడకుండా ఇనుప జాలీ బిగించినారు. వాహనాలకు పడమటి దొడ్డి ఇచ్చిన రైతుకు ఈ సభ తరఫున నమస్కరిస్తున్నాను. తన పేరు చెప్పవద్దన్నారు కనుక చెప్పడం లేదు.

ఇంకొక మాట చెప్పకపోతే ఈ ప్రసంగం అబద్ధమవుతుంది. బావిలోకి దిగిన ఆ నలుగురి తాతలు ఒకప్పుడు ఈ బావి గట్టు ఎక్కి చేద వేసుకొనే వీలు లేదు. దూరంగా నిలబడితే, మనవారు తోడి పోస్తే పట్టుకొని వెళ్ళేవారు. పోసేవారు లేని నాడు మధ్యాహ్నం దాకా ఎండలో ఖాళీ కుండలతో నిలబడి ఉండేవారు. నేను చిన్నతనంలో కళ్ళారా చూసినాను. చూసి ఏమీ అనుకోలేదు. దానికి నేటికీ సిగ్గుపడుతున్నాను. ఒంటిమిట్టలో నీటి జాడ చూపినవారు ఎవరు, బావి త్రవ్వించినవారు ఎవరు అని కథ చెప్పే నోరు, మన బావి దగ్గర నిలబడినవారు ఎవరో చెప్పకుండా ఉండరాదు. ఊట ఉన్నదని కేక వేసిన అబ్బాయి పైకి వచ్చిన తరువాత, ఆ నీటిని మొదట తాగినది వాడే. తాగి, ‘ఉప్పు లేదు అయ్యోరూ, తియ్యగా ఉండాయి’ అన్నాడు. మా తరంలో ఆ గట్టు మీద వినని మాట అది.

నిన్న నూతన విగ్రహాలకు జలాధివాసం జరిగినది. రేపు తెల్లవారుజామున సంప్రోక్షణకు నూటెనిమిది కలశాలు నింపవలసి ఉన్నది. మొదట ట్యాంకరు నీరు తెప్పించాలని అనుకొన్నారు. గత ఆదివారం సంఘంవారు, ఆచార్యులవారు, ఊరి నాలుగు వీధుల పెద్దలు కూర్చొని మాట్లాడుకొన్నారు. కొంత వాదన జరిగినది. జరగలేదని చెప్పను. ఒకరిద్దరు లేచి వెళ్ళినారు. వెళ్ళిన వారిలో ఒకరు మరునాడు తిరిగి వచ్చి, కొత్త చేంతాడు తానే కొనిస్తానన్నారు. ఇంకొకరు ఇంకా రాలేదు. ఆయన ఇల్లు బావికి ఎదురుగానే ఉన్నది. ఈ మైకు మాట ఆయన వరండాలోకి వినిపిస్తూనే ఉంటుంది. బావా, మనిద్దరం ఆ గట్టు మీదనే గోలీలాడుకొన్నాము. నీ నీలం గోలీ దొరికినది. నా దగ్గర ఉన్నది.

చేదబావి నీటితోనే కలశాలు నింపడానికి నిర్ణయమైనది. మొదటి బిందె పైకి లాగేది పూడిక తీసిన ఆ నలుగురే. గిలకకు నూనె వేసినారు. రెండు చేదలు, కొత్త తాడు సిద్ధంగా ఉన్నాయి. ఆచార్యులవారు నాలుగు గంటలకు యాగశాల నుండి బయలుదేరుతారు. ఆ వేళకు చంద్రుడు పడమట ఇంకా ఉంటాడు. ఒంటిమిట్టలో పెళ్ళి చూసి వచ్చినవాడు గనుక మన ఊరి వేడుక కూడా చూడవచ్చు. మీరందరూ మీ ఇంటి చెంబు ఒకటి తెచ్చుకోండి. కలశాలు నిండిన తరువాత ఎవరి చెంబు వారు తోడుకొని ఇంటికి తీసుకువెళ్ళవచ్చునని ఆచార్యులవారు సెలవిచ్చినారు. వృద్ధులు గట్టు దగ్గర తొందరపడవద్దు. మెట్టు కొంచెం ఎత్తుగా ఉన్నది.